అన్నప్రాశనకీ ఆ వాపుకీ సంబంధం లేదమ్మా

గుణుపురం నుంచి ఒక తల్లి రాశారు. పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పెద్దది. ముఖ్యమైన భాగం ఆవిడ మాటల్లోనే ఇస్తున్నాను.

"మాది రాయగడ జిల్లా గుణుపురం. బళ్లో చదివింది ఒడియా. తెలుగు అక్షరాలు మా నాన్న ఇంట్లో నేర్పారు, తప్పులుంటే సర్దుకోండి. నేను ఇంట్లోనే మిషను కుడతాను. మా బాబుకి 6 ఏళ్లు. పుట్టినప్పుడు బొద్దుగా, ఎర్రగా ఉండేవాడు. ఆరో నెలలో అన్నప్రాశన చేశాం. మంచి రోజు కుదరలేదు, ఆగమని అత్తగారు అన్నారు. కానీ మా నాన్న ఊర్నుంచి వచ్చి ఉన్నారని ఆ ఆదివారమే కానిచ్చేశాం. తొలి ముద్ద నేనే పెట్టాను. ఎనిమిదో నెలలో బాబు చేతులూ పాదాలూ బూరెల్లా పొంగిపోయాయి. ఒకటే ఏడుపు. తర్వాత పరీక్షల్లో సికిల్ సెల్ అని తేలింది. 'వేళ కాని వేళ అన్నం పెట్టింది, ఆ పుట్టింటి రక్తం కూడా అలాంటిదే' అని అత్తగారు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. ఇప్పుడు పాపకి నాలుగో నెల. క్యాంపులో రక్తం చూసి ఏమీ లేదన్నారు. అయినా అన్నప్రాశన అనుకుంటే నా చెయ్యి వణుకుతోంది. బాబుకి పెద్దాసుపత్రిలో హైడ్రాక్సీయూరియా రాశారు. మందుల కొట్లో కుర్రాడు 'ఇది కేన్సరు మందు కదా' అన్నాడు. భయమేసి 20 రోజులుగా వెయ్యడం మానేశాను. పార్వతీపురంలో ఒక పెళ్లిలో కలిసినాయన ఏమో, చెడ్డ జన్యువును నిద్రపుచ్చే ఆర్ఎన్ఏ పొడి ఉంది, మూడు నెలల కోర్సు 24 వేలు అన్నాడు. వీడియో కూడా చూపించాడు. జన్యువుల నోరు మూయించడం అనేది నిజంగా ఉందా? కొనమంటారా?"

అమ్మా,

పొడి సంగతి తర్వాత. ముందు ఆ వణుకు సంగతి చూద్దాం.

మీ బాబు జబ్బుకీ మీరు పెట్టిన ముద్దకీ ఏ సంబంధమూ లేదు. ముహూర్తానికీ లేదు. పంతులుగారు చెప్పిన ఘడియలోనే చేసినా, అసలు అన్నమే పెట్టకుండా పాల మీదే ఉంచినా ఆ చేతులు అలాగే పొంగేవి. సికిల్ సెల్ పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు, అది బాబుతో పాటే పుట్టింది. మొదటి కొన్ని నెలలు దాన్ని పైకి రానివ్వకుండా అడ్డుపడింది ఒకటుంది. అది పక్కకి తప్పుకునే కాలమూ మన ఇళ్లలో అన్నప్రాశన చేసే కాలమూ ఒకటే అయిపోయాయి. ముప్పై ఏళ్లు రక్తపరీక్షల గదిలో పనిచేసిన దాన్ని. చేతులు పొంగిన బిడ్డను ఒళ్లో పెట్టుకుని 'అన్నం పెట్టిన దగ్గర్నుంచే ఇలా అయింది' అన్న తల్లులు నాకు ఎంతమంది ఎదురయ్యారో లెక్క చెప్పలేను. మీ అత్తగారు కళ్లతో చూసింది నిజమే. ఒకదాని వెనక ఒకటి వచ్చింది. కానీ మొదటిది రెండోదాన్ని తేలేదు.

ఆ అడ్డుపడింది ఏమిటంటే, కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబిన్.

కడుపులో బిడ్డ తన ఊపిరితిత్తులతో గాలి పీల్చడు. మాయ దగ్గర తల్లి రక్తం నుంచి ఆక్సిజన్ లాక్కోవాలి. లాక్కోవాలంటే తల్లి హిమోగ్లోబిన్ కంటే గట్టి పట్టున్న హిమోగ్లోబిన్ కావాలి. పెద్దవాళ్ల హిమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులూ రెండు బీటా గొలుసులూ ఉంటాయి. కడుపులో బిడ్డకి బీటా బదులు గామా ఉంటుంది. సికిల్ లోపం ఉన్నది బీటాలో. ఆ గొలుసులో ఆరో చోట ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారిపోయింది, అంతే. ఆక్సిజన్ వదిలేసినప్పుడు ఈ మారిన హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని తీగల్లా సాగుతుంది, కణం కొడవలిలా వంగుతుంది, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. గామాకి ఈ లోపం లేదు. పైగా గామా ఉన్న హిమోగ్లోబిన్ ఆ తీగల్లో కలవదు, మధ్యలో దూరి తీగ సాగకుండా చేస్తుంది.

పుట్టేనాటికి బిడ్డ హిమోగ్లోబిన్‌లో 60 నుంచి 80 శాతం దాకా గామా రకమే ఉంటుంది. అక్కణ్నుంచి నెలనెలా తగ్గుతూ వస్తుంది. ఆరు నెలలు దాటేసరికి రక్తంలో ఎక్కువ భాగం బీటాదే. మీ బాబుకి ఆ బీటా సికిల్ బీటా. వేళ్ల ఎముకల్లో రక్తం ఆగి చేతులూ పాదాలూ పొంగడం చాలామంది పిల్లల్లో ఈ జబ్బుకి మొదటి గుర్తు. పసిపిల్లలకి ఈ జబ్బు ఎందుకు కనపడదో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల డాక్టరమ్మ 1948లోనే గమనించి, దీనికి కడుపులోని హిమోగ్లోబినే కారణమై ఉండాలని రాశారు. ఆవిడ ఊహ సరైనదే.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న దగ్గరికొస్తాం. ఆ గామా జన్యువు ఏమైంది? అరిగిపోయిందా, ఊడిపోయిందా? ఎక్కడికీ పోలేదు. ఎముకల లోపల రక్తకణాలు తయారయ్యే చోటును మజ్జ అంటారు. మీ బాబు మజ్జలో ప్రతి కణంలోనూ 11వ క్రోమోజోము మీద, బీటాకి పక్కనే, చెక్కుచెదరకుండా ఉంది. మీలో ఉంది, నాలో ఉంది. నిద్రలో ఉంది. జన్యువుల నోరు మూయించడం నిజంగా ఉందా అన్నారు కదా. ఉంది. మన ఒంట్లో ప్రతి క్షణం జరిగే పని అది. మందు అమ్మేవాడు కనిపెట్టింది కాదు.

మీరు మిషను కుడతారు కాబట్టి ఆ భాషలోనే చెప్తాను. మిషను కింద బాబిన్‌కి దారం చుట్టుకుంటారు కదా. కణంలో డీఎన్ఏ కూడా అంతే. ఒక్కో కణంలో సుమారు 2 మీటర్ల దారం, కంటికి కనపడనంత చిన్న కేంద్రకంలో పట్టాలి. అందుకని హిస్టోన్లు అనే ప్రొటీన్లు ఎనిమిది కలిసి ఒక బాబిన్ అవుతాయి, దాని చుట్టూ డీఎన్ఏ ఒకటిన్నర చుట్టు పైచిలుకు, డీఎన్ఏ నిచ్చెనలో 147 మెట్ల మేర తిరుగుతుంది. అలాంటి బాబిన్లు ఒక్క కణంలో కోట్లు. దారం వదులుగా ఉన్నచోట జన్యువును చదవొచ్చు. బిగుసుకుపోయినచోట చదివే యంత్రాంగం దూరలేదు.

వదులా బిగువా అన్నది ఎలా తేలుతుంది? ప్రతి హిస్టోన్‌కీ బయటికి వేలాడే తోకలుంటాయి. ఆ తోకల మీద రసాయన గుర్తులు పడతాయి. మీరు బట్ట మీద సుద్దతో గీత గీస్తారే, అలాంటివి. సుద్ద గీత బట్టను మార్చదు. ఇక్కడ కత్తిరించు, ఇక్కడ మడత పెట్టు అని చెప్తుంది. దులిపితే పోతుంది, మళ్లీ గీయొచ్చు. ఎసిటైల్ అనే గుర్తు పడితే తోకకీ డీఎన్ఏకీ మధ్య ఆకర్షణ తగ్గి చుట్టు వదులవుతుంది, జన్యువు మేలుకుంటుంది. ఆ గుర్తును చెరిపే ఎంజైములు వస్తే మళ్లీ బిగుసుకుంటుంది. హెచ్3 అనే హిస్టోన్ తోకలో తొమ్మిదో చోట మిథైల్ గుర్తు పడితే, ఆ గుర్తును పట్టుకునే ఇంకో ప్రొటీన్ వచ్చి కూర్చుని పక్కపక్క బాబిన్లను దగ్గరకి లాగి ఆ మొత్తం ముక్కను మూసేస్తుంది. ఎసిటైల్ గుర్తుకీ జన్యువు మేలుకోవడానికీ లంకె ఉందని విన్సెంట్ ఆల్‌ఫ్రీ 1964లో చెప్పినా చాలాకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1996లో డేవిడ్ ఆలిస్ బృందం, జన్యువులను మేల్కొలిపేదిగా అప్పటికే తెలిసిన ఒక ప్రొటీనే ఆ గుర్తు వేసే ఎంజైము కూడా అని చూపించాకే అందరి దృష్టీ ఇటు తిరిగింది.

మరి గామా జన్యువు దగ్గర గుర్తు చెరిపేది ఎవరు? బీసీఎల్-11ఏ అనే ప్రొటీన్. బోస్టన్‌లో స్టూవర్ట్ ఆర్కిన్, విజయ్ శంకరన్ బృందం 2008లో దీన్ని పట్టుకున్నారు. అది గామా జన్యువు మొదట్లో ఒక చిన్న అక్షరాల వరస మీద కూర్చుంటుంది. కూర్చుని తనతోపాటు గుర్తులు చెరిపే ఎంజైములను తెస్తుంది. చుట్టు బిగుసుకుంటుంది, గామా నిద్రపోతుంది. కొందరికి పుట్టుకతోనే ఆ చిన్న వరసలో ఒక అక్షరం మారి ఉంటుంది. బీసీఎల్-11ఏకి కూర్చునే చోటు దొరకదు. వాళ్లకి జీవితాంతం గామా హిమోగ్లోబిన్ వస్తూనే ఉంటుంది, ఏ ఇబ్బందీ ఉండదు. అలాంటివాళ్లకి తోడుగా సికిల్ జన్యువు వచ్చినా నొప్పులు చాలా తక్కువ. గామా మేలుకుని ఉంటే పెద్దయ్యాక కూడా నష్టం లేదని ప్రకృతే చేసి చూపించిన పరీక్ష ఇది. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు నాకు రాత్రంతా నిద్రపట్టలేదు.

ఇంకో ముడి ఉంది. బీసీఎల్-11ఏ కడుపులో ఉండగా ఎందుకు రాదు, పుట్టాక ఎందుకు వస్తుంది? వేళ ఎవరు చెప్తారు? ఇక్కడే మీరు వీడియోలో విన్న ఆర్ఎన్ఏ వస్తుంది.

జన్యువు మీ దగ్గరుండే కొలతల పుస్తకం అనుకోండి. పుస్తకం మిషను మీద పెట్టుకుని కుట్టరు కదా, కావలసిన కొలతలు చీటీ మీద రాసుకుంటారు. ఆ చీటీ చూసి జాకెట్టు తయారవుతుంది. కణంలో ఆ చీటీ పేరు మెసెంజర్ ఆర్ఎన్ఏ, జాకెట్టు ప్రొటీన్. 22 అక్షరాల పొడవుండే చిన్న ఆర్ఎన్ఏలు కొన్ని ఉంటాయి. వాటికి పుస్తకంతో పనిలేదు. ఆర్గొనాట్ అనే ప్రొటీన్ ఒళ్లో కూర్చుని, తమకి సరిపోయే అక్షరాలున్న చీటీని వెతికి పట్టుకుంటాయి. పట్టుబడిన చీటీ చదవబడదు, లేదా చిరిగిపోతుంది. పుస్తకంలో పేజీ అలాగే ఉంటుంది, జాకెట్టు మాత్రం రాదు.

ఈ చిన్న ఆర్ఎన్ఏలు మొదట దొరికింది మిల్లీమీటరు పొడవుండే ఒక మట్టి పురుగులో. కొన్ని పురుగులు పెద్దవవ్వాల్సిన వేళకి పెద్దవి కాకుండా పిల్లదశ పనులే మళ్లీ మళ్లీ చేస్తున్నాయి. ఎందుకా అని వెతుకుతూ విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో లిన్-4 అనే చిన్న ఆర్ఎన్ఏ సంగతి తేల్చారు. పురుగుకే పరిమితమైన వింత అనుకున్నారు అందరూ. 2000లో రవ్‌కున్ ప్రయోగశాలలో లెట్-7 అని ఇంకొకటి దొరికింది. చూస్తే అది మనుషుల్లోనూ ఉంది, అక్షరం పొల్లు పోకుండా. వాళ్లిద్దరికీ 2024లో నోబెల్ ఇచ్చారు. రెండు పేటల ఆర్ఎన్ఏతో జన్యువులను కావాలని నిద్రపుచ్చవచ్చని అదే పురుగులో 1998లో చూపించిన ఆండ్రూ ఫైర్, క్రెగ్ మెల్లోలకి 2006లోనే వచ్చింది.

ఆ పురుగులో పిల్లదశను పొడిగించే ప్రొటీన్ ఒకటి ఉంది, లిన్-28. దానికి మనలో ఉన్న దాయాది లిన్-28బీ. కడుపులో బిడ్డ రక్తకణాల్లో లిన్-28బీ నిండుగా ఉంటుంది. అది లెట్-7ను తయారు కానివ్వదు, బీసీఎల్-11ఏ చీటీ నుంచి ప్రొటీన్ రానివ్వదు. బిడ్డ ఎదిగేకొద్దీ లిన్-28బీ తగ్గుతుంది, లెట్-7 పెరుగుతుంది, లెట్-7 వెళ్లి మిగిలిన లిన్-28బీ చీటీలను కూడా పట్టేస్తుంది. అడ్డు తొలగి బీసీఎల్-11ఏ వస్తుంది. గామా దగ్గర గుర్తులు చెరుగుతాయి. మట్టి పురుగుకి 'ఇంక పెద్దదానివి అయ్యావు' అని చెప్పే గడియారం ముక్కలే మీ బాబు మజ్జలో కూడా ఆ మాట చెప్పాయి. మీ అత్తగారు వెతికిన ముహూర్తం ఉంటే అది ఇదే, పంచాంగంలో దొరకదు.

ఒక్క పక్కమాట. మన కొండ ఊళ్లలో, కొరాపుట్టు వైపు, రాగులతో లందా చేస్తారు. ఆఫ్రికా నుంచి వచ్చిన అలాంటి చిరుధాన్యాల కల్లు నుంచే 1893లో ఒక ఈస్టును వేరుచేసి, స్వాహిలీ భాషలో బీరుకున్న మాటతో పోంబే అని పేరు పెట్టారు. 2002లో ఆ ఈస్టులోనే తేలింది, చిన్న ఆర్ఎన్ఏలు చీటీలు చింపడంతో ఆగవని. డీఎన్ఏ మీద ఫలానా చోటికి దారి చూపించి, అక్కడ హిస్టోన్ తోక మీద ఆ తొమ్మిదో చోటి మూత గుర్తు వేయిస్తాయి. చీటీ పట్టే పనీ సుద్ద గీసే పనీ వేర్వేరు కొట్లలో జరుగుతున్నాయనుకున్న వాళ్లకి ఒకే కొట్టు కనిపించింది.

ఇప్పుడు పొడి. కొనకండి. 24 వేలు కాదు, 24 రూపాయలు కూడా పెట్టకండి.

ఆయన 'చెడ్డ జన్యువును నిద్రపుచ్చుతాం' అన్నాడు చూశారా, అదే తప్పు. మీ బాబుకి బీటా జన్యువు రెండు ప్రతులూ సికిల్‌వే. వాటిని ఊరికే నిద్రపుచ్చితే ఒంట్లో పనిచేసే హిమోగ్లోబినే కరువవుతుంది, తలసీమియా లాంటి దుస్థితి వస్తుంది. మనకి కావలసింది తిరగేసిన పని. నిద్రపోతున్న మంచి జన్యువును, గామాను, లేపాలి. ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగినా పిల్లాడికి కీడే.

రెండోది, ఆర్ఎన్ఏ మింగితే పనిచేయదు. మనం తినే అన్నంలో, పప్పులో, చేపలో ఆర్ఎన్ఏ బోలెడంత ఉంటుంది. కడుపులోకి వెళ్లాక మిగతా తిండిలాగే అరిగిపోతుంది. చిన్న ఆర్ఎన్ఏతో జన్యువుల నోరు మూయించే అసలైన మందులు ఉన్నాయి. మొదటిది 2018లో వచ్చింది, నరాలను దెబ్బతీసే ఒక అరుదైన వంశపారంపర్య జబ్బుకి. కొవ్వు పూతలో చుట్టి సెలైన్‌లా నరంలోకి ఎక్కిస్తారు, అది చేరేది లివర్‌కి. సికిల్ సెల్‌కి కావలసింది మజ్జలో పని. బోస్టన్‌లో ఆరుగురు రోగుల నుంచి రక్తకణాలను పుట్టించే మూలకణాలు బయటికి తీసి, బీసీఎల్-11ఏ చీటీని పట్టే చిన్న ఆర్ఎన్ఏ తయారయ్యే ఏర్పాటు వాటిలో పెట్టి తిరిగి ఎక్కించారు. 2021లో ఫలితాలు వచ్చాయి, గామా హిమోగ్లోబిన్ బాగా పెరిగింది. బీసీఎల్-11ఏ స్విచ్చును రక్తకణాల్లో మాత్రం కత్తిరించే, క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో చేసే చికిత్స క్యాస్‌జెవీకి 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతి ఇచ్చాయి. ఆ అనుమతి 12 ఏళ్లు నిండినవాళ్లకే. ముందు గట్టి మందులతో మజ్జను ఖాళీ చేయాలి, నెలల తరబడి ఆసుపత్రి చుట్టూ తిరగాలి, ఖరీదు మన డబ్బులో కోట్లలో మాట. మన దేశంలోనూ ఢిల్లీలోని ఐజీఐబీ అనే జన్యు పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు సికిల్ సెల్‌కి క్రిస్పర్ చికిత్స మీద పనిచేస్తున్నారు. మీ బాబు పెద్దయ్యేసరికి దారులు పెరుగుతాయనే నా నమ్మకం. కానీ వీటిలో ఏదీ పొట్లం కట్టి పెళ్లిళ్లలో అమ్మేది కాదు.

గామాను కొంతవరకు లేపే మందు మాత్రం మీ ఇంట్లోనే ఉంది, 20 రోజులుగా మీరు మూత తీయని సీసాలో.

హైడ్రాక్సీయూరియా కేన్సరుకి కూడా వాడతారు, ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు. సగమే చెప్పాడు. ఈ మందు మజ్జలో కణాలు విడిపోయే వేగాన్ని కొద్దిగా తగ్గిస్తుంది. ఆ ఒత్తిడిలో పుట్టే ఎర్రకణాల్లో గామా హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉంటుంది. 1995లో 299 మంది పెద్దవాళ్ల మీద చేసిన పరీక్షలో నొప్పి పోట్లు దాదాపు సగానికి తగ్గాయి. 2011లో 9 నుంచి 18 నెలల పసివాళ్ల మీద కూడా పరీక్షించారు, వాళ్లకీ చేతుల వాపులూ నొప్పులూ తగ్గాయి. నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చినది 2019లో వచ్చిన ఆఫ్రికా ఫలితం. కాంగో, ఉగాండా, కెన్యా, అంగోలాల్లో, మన రాయగడలాగే మలేరియా ఉన్నచోట, పిల్లలకి ఈ మందు వేస్తే నొప్పులే కాదు, మలేరియా తగ్గింది, మరణాలు తగ్గాయి.

మన ఒడిశా వైపు సికిల్ రోగుల్లో పుట్టుకతోనే గామా హిమోగ్లోబిన్ కొంచెం ఎక్కువగా నిలుస్తుందని 1986లోనే లాన్సెట్ పత్రికలో వచ్చింది. కాబట్టి మన పిల్లలకి జబ్బు కాస్త నెమ్మది అంటారు. ఆ మాట విని మందు మానేసినవాళ్లను చూశాను. నెమ్మది అంటే లేదని కాదు.

ఈ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లండి. 20 రోజులు మానేసిన సంగతి దాచకండి, తిడతారని భయపడకండి. రక్తకణాల లెక్క చేయించి, ఆయన చెప్పిన మోతాదులో మళ్లీ మొదలుపెట్టండి. ఈ మందులో ఉన్న అసలు ప్రమాదం తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ మరీ తగ్గిపోవడం. మొదట్లో నెలనెలా, కుదురుకున్నాక రెండు మూడు నెలలకోసారి ఆ లెక్క చూడాల్సింది అందుకే. మోతాదు బరువును బట్టి ఉంటుంది, బాబు ఎదిగేకొద్దీ మార్చమని మీరే గుర్తుచేయండి. గుణం పూర్తిగా కనపడడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. క్యాప్సూల్‌ని మీరు విప్పకండి, చేత్తో తీస్తే తర్వాత సబ్బుతో కడుక్కోండి. పాపకి పాలిస్తున్నారు కదా, క్యాప్సూల్‌లోని మందు మీ చేతికి అంటకూడదు.

నెయ్యి గురించి కూడా ముందే చెప్పేస్తాను, ఎవరో ఒకరు మీకు చెప్తారు. షుగరు ఉన్న తల్లులకి పుట్టిన బిడ్డల్లో గామా ఆలస్యంగా నిద్రపోతోందని 1980లలో గమనించారు. దాన్ని పట్టుకుని బ్యూటిరేట్ అనే పదార్థాన్ని 1990లలో రోగులకి నరంలోకి ఎక్కించి చూశారు. అది హిస్టోన్ గుర్తులు చెరిపే ఎంజైములను ఆపుతుంది. కొందరిలో గామా పెరిగింది కూడా. అదే ఆమ్లం నెయ్యిలో కొంచెం ఉంటుంది కాబట్టి నెయ్యి తాగిస్తే జబ్బు తగ్గుతుందనే మాటలు వినపడతాయి. నెయ్యి అన్నంలో వేసి పెట్టండి, మందు అనుకుని పెట్టకండి.

ఇక పాప. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది మీ ఉత్తరంలో ఆ ఒక్క వాక్యం. 'క్యాంపులో రక్తం చూసి ఏమీ లేదన్నారు.'

క్యాంపుల్లో ఎక్కువగా చేసేది ఇలా ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో మందు నీళ్లు, అందులో రెండు చుక్కల రక్తం. కణాలు పగిలి హిమోగ్లోబిన్ బయటికి వస్తుంది. ఐదు నిమిషాలు ఆగి గొట్టం వెనకాల నల్లగీతలున్న కార్డు పెట్టి చూస్తారు. గీతలు కనపడితే మామూలు. సికిల్ హిమోగ్లోబిన్ ఉంటే నీళ్లు బియ్యం కడుగులా మసకబారి గీతలు కనపడవు. చవకైన, మంచి పరీక్షే. కానీ పసిపిల్లల రక్తంలో గామా ఎక్కువ, సికిల్ బీటా తక్కువ. జబ్బున్న బిడ్డ గొట్టంలో కూడా గీతలు తేటగా కనపడవచ్చు. ఆరు నెలల లోపు ఈ పరీక్షలో 'లేదు' అని వస్తే ఆ మాటకి విలువ లేదు.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక మూడు నెలల బిడ్డ గొట్టం ఇలాగే ఎత్తి చూశాను. గీతలు చక్కగా కనపడ్డాయి, 'లేదు' అని సంతకం పెట్టాను. ఏడాది తిరక్కుండా ఆ తల్లి మళ్లీ వచ్చింది. కాగితం తెచ్చింది, నా సంతకం నాకే చూపించింది. కోప్పడలేదు. బిడ్డ పాదాలు చూపించి ఊరుకుంది. అప్పట్నుంచి పసివాళ్లకి ఆ పరీక్ష చెయ్యనంటే చెయ్యనని పట్టుబట్టాను.

కాబట్టి పాపకి హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష చేయించండి. అది ఏ రకం హిమోగ్లోబిన్ ఎంత ఉందో విడదీసి చూపిస్తుంది, నాలుగో నెలలోనే తేలిపోతుంది. సికిల్ సెల్ నిర్మూలన కోసం 2023 జూలైలో మొదలైన జాతీయ మిషన్ కింద మన రాష్ట్రంలోనూ పరీక్షలు జరుగుతున్నాయి. మీ ఆశా దిదికో, బాబును చూసే ఆసుపత్రిలోనో 'అన్నయ్యకి సికిల్ ఉంది, పాపకి హెచ్‌పీఎల్‌సీ కావాలి' అని ఆ మాటల్లోనే అడగండి. ఒకవేళ పాపకీ జబ్బు ఉందని తేలితే అప్పుడే మొదలుపెట్టాల్సిన పెన్సిలిన్, వేయించాల్సిన న్యుమోనియా టీకాలు ఉన్నాయి. ముందే తెలియడం వల్ల ప్రాణాలు నిలిచే జబ్బు ఇది.

పుట్టింటి రక్తం అన్న మాటకి జవాబు. ఈ జబ్బు ఒక వైపు నుంచి రాదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు సికిల్ ప్రతులూ కలిస్తేనే వస్తుంది. మీరూ మీ ఆయనా ఇద్దరూ ఒక్కో ప్రతి మోస్తూ ఆరోగ్యంగా ఉన్నారు. మలేరియా విపరీతంగా ఉన్న నేలల్లో ఆ ఒక్క ప్రతి మన పూర్వీకుల ప్రాణం కాపాడింది, అందుకే ఇక్కడ ఇంతమందిలో మిగిలింది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు వచ్చే వీలుంది, నాలుగింట ఒక వంతు ఏదీ రాకపోయే వీలూ ఉంది. అన్నయ్యకి వచ్చింది కాబట్టి పాపకి రాదనీ, వచ్చి తీరుతుందనీ లెక్క లేదు. అయితే జబ్బున్న పిల్లవాడికి మలేరియా వస్తే మాత్రం చాలా ప్రమాదం. ఒక్క ప్రతి ఇచ్చే రక్షణ రెండు ప్రతులున్నవాళ్లకి అక్కరకు రాదు. దోమతెర లేకుండా బాబును పడుకోబెట్టకండి.

బాబుకి జ్వరం 101 దాటితే పొద్దున్న చూద్దాంలే అనుకోవద్దు, ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎడమ డొక్క కింద ప్లీహాన్ని వేళ్లతో ఎలా తడిమి చూడాలో ఈసారి వెళ్లినప్పుడు డాక్టరు దగ్గర నేర్చుకోండి. పిల్లాడు ఉన్నట్టుండి పాలిపోయి, కడుపు ఎడమ వైపు గట్టిగా ఉబ్బితే గంటలు కూడా ఆగకూడదు. బడికి నీళ్ల సీసా ఇవ్వండి, ఎన్నిసార్లు అడిగినా బయటికి పంపమని టీచరుకి చెప్పండి. చలికాలం తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం వద్దు. పరీక్ష చేయకుండా ఐరన్ టానిక్కులు పట్టకండి.

పాపకి ఆరు నెలలు నిండగానే అన్నప్రాశన చెయ్యండి. ఆ వయసుకి పాలు ఒక్కటే చాలవు, ఆలస్యం చేస్తేనే నష్టం. ముహూర్తం అత్తగారినే చూడమనండి, ఆవిడ మనసు కూడా కుదుటపడుతుంది. బాబు విషయంలో ఆవిడా ఇన్నేళ్లుగా కారణం వెతుక్కుంటూనే ఉన్నారు కదా. ఈ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించండి, లేదా మీ ఆయన చేత చదివించండి.

హెచ్‌పీఎల్‌సీ కాగితం రాగానే అందులో ఎఫ్ (గామా రకం), ఏ (మామూలు రకం), ఎస్ (సికిల్ రకం) అనే అక్షరాల పక్కన ఏ అంకెలున్నాయో ఉన్నవి ఉన్నట్టు రాసి పంపండి. నేను పర్లాకిమిడిలో పెరిగినదాన్ని, ఒడియాలో రాసినా చదువుకుంటాను.